తమ్ముడు పనిచేసే షోరూంలో కారు బేరం

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కారు, 1197 సీసీది, కొందామనుకుంటున్నాం. రాజమండ్రి షోరూంలో మా పిన్నిగారి అబ్బాయి సేల్స్‌లో ఉన్నాడు. వాడిచ్చిన కొటేషన్ ఇది. ఎక్స్‌షోరూం 9,45,000. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కలిపి 1,56,000. ఇన్సూరెన్స్ 49,800. యాక్సెసరీల కిట్ 24,500. ఎక్స్‌టెండెడ్ వారంటీ 18,200. హ్యాండ్లింగ్ చార్జీలు 8,500. ఫాస్టాగ్ 600. మొత్తం ఆన్‌రోడ్ 12,02,600. అందులో 25 వేలు తగ్గిస్తామన్నారు. ఆరు లక్షలు లోను, ‘ఆరు శాతం వడ్డీయే, నెలకి 13 వేలు, అయిదేళ్ళు’ అన్నారు. 2015 మోడల్ పాత కారుకి 1,90,000 కట్టారు, ఎక్స్ఛేంజి బోనస్ మరో 20 వేలట. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలంటున్నారు. ఆషాఢం దాటితే ఆఫర్ ఉండదు, 21 వేలు టోకెన్ కట్టమంటున్నారు. ఇంట్లోవాళ్ళు శ్రావణంలోనే కారు తేవాలంటారు. యానాంలో రిజిస్ట్రేషన్ చేయిస్తే లక్ష మిగులుతుందని ఒక కొలీగ్ సలహా. తమ్ముడి దగ్గర బేరమాడాలంటే మొహమాటంగా ఉంది. ఎంత వరకు తగ్గించమనొచ్చు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైనది ఆ మొహమాటమే. షోరూంలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ‘అన్నయ్యా, నీకంటే నాకు ఎక్కువా?’ అన్నాక మన గోదావరి జిల్లాల్లో చాలామందికి నోరు పెగలదు. అయితే ఈ బేరంలో మీరు తమ్ముడి నోటికి అడ్డుపడాల్సిన పని లేదు. వాడు ఇచ్చిన కొటేషన్‌ని వరస వరసగా విడగొట్టి, ఒక్కో అంకె పక్కన దాని అసలు ధర రాసుకుంటే చాలు. వాడు కూడా ఆ కాగితాన్నే మేనేజర్ ముందు పెట్టగలడు. సేల్స్‌లో ఉన్న కుర్రాడి చేతిలో డిస్కౌంట్ ఇచ్చే అధికారం పెద్దగా ఉండదు. అది సేల్స్ మేనేజర్ దగ్గర ఉంటుంది. మీరు గట్టిగా అడిగితే వాడి జేబులోంచి పోయేదేమీ లేదు.

ముందు డీలర్‌కి డబ్బు ఎక్కడ మిగులుతుందో చూడండి. ఇలాంటి కార్ల మీద, ఒక్క కారు అమ్మితే ఎక్స్‌షోరూం ధరలో డీలర్‌కి మిగిలే వాటా అయిదు శాతం లోపే ఉంటుంది. అందులోనే షోరూం అద్దె, జీతాలు, స్టాకు మీద వడ్డీ. అందుకే 9,45,000 దగ్గర కూర్చుని లక్ష తగ్గించమంటే పని జరగదు. ఇన్సూరెన్స్, లోను, యాక్సెసరీలు, పాత కారు, ఈ నాలుగింటి మీదా డీలర్‌కి విడివిడిగా ఆదాయం ఉంది. 25 వేలు తగ్గించామని ఒకచోట చూపించి, ఈ నాలుగు చోట్లా అంతకు రెండింతలు రాబట్టుకోవడం మామూలు వ్యవహారం. కొనేవాళ్ళ చూపంతా ఎక్స్‌షోరూం మీదే ఉంటుంది కాబట్టి మిగతావి ఎవరూ అడగరు.

హ్యాండ్లింగ్ చార్జీలతో మొదలుపెట్టండి, అన్నిటికంటే తేలిక అదే. ఆ 8,500 ప్రభుత్వానికి వెళ్ళే డబ్బు కాదు, కంపెనీ నిర్ణయించిన ధరలోదీ కాదు. ఫ్యాక్టరీ నుంచి షోరూంకి కారు తెచ్చిన ఖర్చు ఎక్స్‌షోరూం ధరలోనే ఉంది. ‘లాజిస్టిక్స్’ అనో ‘డిపో చార్జీలు’ అనో పేరు మార్చి రాసినా సంగతి అదే. ‘దీనికి విడిగా జీఎస్టీ బిల్లు ఇస్తారా, దేనికోసమో అందులో రాస్తారా?’ అని అడగండి. చాలాచోట్ల ఆ ఒక్క మాటకే కొట్టేస్తారు. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటుకి విడిగా డబ్బు అడిగినా ఇవ్వకండి. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకి ఆ ప్లేట్లు కంపెనీయే ఇవ్వాలి.

లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ రెండూ కలిపి ఒకే అంకె వేయడం మంచి పద్ధతి కాదు. విడగొట్టి ఇమ్మనండి. లైఫ్ ట్యాక్స్ రాష్ట్రం నిర్ణయించిన శాతం, బేరానికి లొంగదు. కేంద్ర నిబంధనల ప్రకారం కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600, లోను ఉంటే దాన్ని ఆర్సీలో ఎక్కించడానికి 1,500. వీటికి కార్డు, పోస్టేజీ లాంటి చిన్న ఖర్చులు కలుస్తాయి. పన్ను, ఫీజులు అన్నీ కలిపి రవాణా శాఖ రసీదు ఎంతకి వస్తే అంతే కడతానని చెప్పండి. ‘ఏజెంటు ఖర్చు’, ‘ఆఫీసు ఖర్చు’ అని మిగిలిన మూడు నాలుగు వేలు ఈ కలిపిన అంకెలోనే దాక్కుని ఉంటాయి.

ఇంకో సంగతి. ఇదే కారులో పై వేరియంట్ చూపించి ‘ఇంకో అరవై వేలేగా’ అంటారు. ఎక్స్‌షోరూం పది లక్షలు దాటితే రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ శ్లాబు మారి, మొత్తం ధర మీద పన్ను శాతం పెరుగుతుంది. పైగా ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళు మీ దగ్గర ముందే పట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. టీసీఎస్ మీ పాన్ మీద జమవుతుంది కాబట్టి ఐటీ రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. లైఫ్ ట్యాక్స్ మాత్రం తిరిగి రాదు. సన్‌రూఫ్ కోసం అరవై వేలు అనుకున్నది చివరికి లక్ష దాటుతుంది. 9,45,000 దగ్గర ఆగడం మంచి నిర్ణయం, అక్కడే ఉండండి.

యానాం సలహా పక్కన పెట్టేయండి. అక్కడ నిజంగా నివాసం ఉన్నవాళ్ళకి పుదుచ్చేరి వాళ్ళ పీవై 04 నంబరు న్యాయమైనదే. కాపురం అంబాజీపేటలో పెట్టి, అద్దె అగ్రిమెంటు ఒకటి సృష్టించి బండి తెచ్చుకుంటే అది తప్పుడు చిరునామా. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, అప్పుడు ఇక్కడి పన్నూ కట్టాలి. తనిఖీలో దొరికితే అప్పటికప్పుడు. పైగా మీరు ప్రభుత్వ ఉద్యోగి. సర్వీసు రిజిస్టర్లో ఒక చిరునామా, ఆర్సీలో మరొకటి పెట్టుకుని పదేళ్ళు తిరగడం ఆ లక్షకి తగిన పని కాదు.

ఇప్పుడు ఇన్సూరెన్స్. మీ కొటేషన్‌లో బాగా తగ్గే వరసల్లో ఇదొకటి.

కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి), ఒక ఏడాది ఓన్ డ్యామేజి (మన కారుకి జరిగే నష్టానికి) కలిపి ఇస్తారు. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం ప్రకటిస్తుంది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022లో ప్రకటించిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకి మూడేళ్ళకి 10,640. ఇందులో బేరం లేదు. ఓన్ డ్యామేజి మాత్రం కంపెనీ ఇష్టం. మీ కారు ఐడీవీ, అంటే బీమా విలువ, ఎక్స్‌షోరూంలో 95 శాతం చొప్పున 8,97,750 వస్తుంది. పాత టారిఫ్ లెక్కలో మన ప్రాంతానికి, ఈ సీసీకి, ఓన్ డ్యామేజి 3.191 శాతం. అంటే సుమారు 28,650. దీని మీద కంపెనీలు రాయితీ ఇస్తాయి. షోరూం ఇచ్చే పాలసీలో ఆ రాయితీ తక్కువగా ఉంటుంది, అదే పాలసీ బయట తీసుకుంటే సగానికి సగం తగ్గడం అరుదేమీ కాదు. సగం తగ్గిందనుకుంటే 14,325.

ఇక్కడ మీకు ఇంకో హక్కు ఉంది, దాన్ని షోరూంలో ఎవరూ గుర్తుచేయరు. పాత కారు మీద వరసగా అయిదేళ్ళు క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే ప్రీమియంలో రాయితీ, 50 శాతానికి చేరుతుంది. నాలుగేళ్ళయితే 45, మూడేళ్ళయితే 35, రెండేళ్ళయితే 25, ఒక ఏడాదయితే 20. ఈ బోనస్ బండిది కాదు, మీది. పాత కారు అమ్మేటప్పుడు, అమ్మిన కాగితం చూపించి బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ నిలుపుదల లేఖ తీసుకోండి. అది మూడేళ్ళ దాకా చెల్లుతుంది. ఆ లేఖలో 50 శాతం ఉంటే పైన చెప్పిన 14,325 మళ్ళీ సగమై 7,160 అవుతుంది. పాత పాలసీ గడువు తీరి 90 రోజులు దాటిపోనివ్వకండి, బోనస్ పోతుంది. పాత పాలసీ కాగితం మీద ఎన్‌సీబీ ఎంత రాసి ఉందో ఈ రోజే చూసుకోండి.

యాడ్ ఆన్‌లలో, అంటే పాలసీకి విడిగా డబ్బు కట్టి కలుపుకునే రక్షణల్లో, మన ప్రాంతానికి మూడు తీసుకోమంటాం. జీరో డిప్రిసియేషన్ ఒకటి. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం డబ్బు మీ చేతినుంచే పడుతుంది. రెండోది రిటర్న్ టు ఇన్‌వాయిస్. దొంగతనం జరిగినా, కారు పూర్తిగా పాడైనా బిల్లు విలువ దాకా ఇస్తారు. మూడోది ఇంజిన్ ప్రొటెక్ట్, కోనసీమలో ఉండేవాళ్ళు దీన్ని వదులుకోకూడదు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే కాజ్‌వేల మీద నీళ్ళు పారతాయి, లంక రోడ్లు మునుగుతాయి. నీళ్ళల్లో కారు ఆగిపోయాక మళ్ళీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లలోకి పోతుంది. నీటిని పిస్టన్ నొక్కలేదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు పాలసీ వరద నష్టం ఇస్తుంది గానీ, ఇలా స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కి వచ్చిన నష్టాన్ని దాని పర్యవసానం అని తోసిపుచ్చుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్నా సరే, నీళ్ళల్లో ఆగిన కారుని స్టార్ట్ చేయకుండా తోయించి గట్టెక్కించి, బీమా కంపెనీకి ఫోన్ చేయాలి. తాళం, టైరు, అంతర్గత సామాన్ల యాడ్ ఆన్‌లు కొట్టేయించండి. మీకు ఇప్పటికే 15 లక్షలకి తగ్గని వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే, ఓనర్ డ్రైవర్ పీఏ కవర్ కూడా మళ్ళీ కొనక్కర్లేదు.

యాడ్ ఆన్‌లకి ఏడు వేలు పడిందనుకున్నా, మొత్తం సుమారు 24,800. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 29 వేల పైచిలుకు. కంపెనీని బట్టి రెండు మూడు వేలు అటూ ఇటూ అవుతుంది, అందుకని 32 వేలు పెట్టుకోండి. షోరూం అడిగింది 49,800.

‘మా దగ్గరే తీసుకోవాలి’ అన్న మాటకి బలం లేదు. పాలసీ ఎక్కడ కొనుక్కోవాలో మీ ఇష్టం. ‘బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు’ అంటారు. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టడం, బీమా కంపెనీకి, ఆ వర్క్‌షాపుకి మధ్య ఒప్పందం. సేల్స్ వాళ్ళని కాకుండా అదే షోరూం సర్వీసు సెక్షన్‌కి వెళ్ళి, ఏయే కంపెనీలకి క్యాష్‌లెస్ చేస్తున్నారని అడిగి రాసుకోండి. ఆ జాబితాలోని రెండు కంపెనీల దగ్గర బయట కొటేషన్ తీసుకోండి. మా అభిప్రాయంలో అన్నిటికంటే మంచి ఫలితం, ఆ బయటి కొటేషన్ చూపించి అదే ధరకి షోరూం చేతే పాలసీ ఇప్పించుకోవడం. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు వర్క్‌షాపు వాళ్ళు కాస్త చొరవగా పని చేస్తారు. పోల్చేటప్పుడు ఐడీవీ, యాడ్ ఆన్‌లు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. ఐడీవీ లక్ష తగ్గించి ప్రీమియం తక్కువ చూపించడం పాత పద్ధతే. ధర కలవకపోతే కారు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అడిగి తీసుకుని బయటే చేయించండి.

యాక్సెసరీల కిట్ 24,500లో ఏమున్నాయో విడిగా రాయించుకోండి. సాధారణంగా మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, బాడీ కవర్, క్రోమ్ తొడుగులు, టెఫ్లాన్ కోటింగ్, అండర్ బాడీ కోటింగ్ ఉంటాయి. మన చేలగట్ల రోడ్లకి మడ్ ఫ్లాపులు, మంచి మ్యాట్లు అవసరం. ఈ రెండూ తీసుకోండి, అయిదారు వేలలో అయిపోతుంది. ముందు సీట్ల పక్కల ఎయిర్‌బ్యాగులు ఉన్న కారుకి మామూలు కుట్టు సీటు కవర్ వేస్తే, ప్రమాద సమయంలో బ్యాగు తెరుచుకోడానికి ఆ కవరే అడ్డం. ఎయిర్‌బ్యాగు దగ్గర తెరుచుకునే కుట్టు ఉన్న కవర్లైతేనే వేయించండి, లేదా అసలు వద్దు. టెఫ్లాన్ నాలుగు వానలకి పోతుంది, డబ్బు దండగ. అండర్ బాడీ కోటింగ్ సంగతి ఊరిని బట్టి ఉంటుంది. సఖినేటిపల్లి, అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి చోట్లా, రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బండికీ పనికొస్తుంది. అంబాజీపేటలో ఉండే టీచరు కారుకి కంపెనీ వేసి పంపిన పూతే చాలు. ‘20 వేల యాక్సెసరీలు ఫ్రీ’ అంటే ఒప్పుకోవద్దు. ఎమ్మార్పీ 20 వేల సామాను డీలర్‌కి 20 వేలకి పడదు. దాని బదులు నగదు తగ్గింపు ఎంతిస్తారని అడగండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవచ్చు. ఇది కారు తయారుచేసిన కంపెనీదేనా, లేక డీలర్ కట్టించే వేరే సంస్థదా అని మాత్రం అడగండి. కంపెనీదైతే ఏ ఊళ్ళో అయినా చెల్లుతుంది. కొన్న రోజే కట్టాలన్న నియమం చాలా కంపెనీలకి లేదు. డబ్బు ఇరుకుగా ఉంటే ఎప్పటిలోగా అదే ధరకి ఇస్తారో కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తెలుసుకోండి.

లోను మాట చూద్దాం. ఆరు లక్షలకి ఆరు శాతం చొప్పున అయిదేళ్ళకి వడ్డీ 1,80,000, అసలుతో కలిపి 7,80,000, దాన్ని అరవై నెలలతో భాగిస్తే 13 వేలు. మీకు చెప్పింది ఇదే. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఆరు లక్షల మీదే లెక్కగడతారు. బ్యాంకు వాళ్ళు చెప్పే తగ్గుతూ పోయే వడ్డీలోకి మారిస్తే ఇది సుమారు 10.85 శాతం. అదే లోను మీ జీతం పడే బ్యాంకులో 9 శాతానికి వస్తే ఈఎంఐ 12,455. నెలకి 545 తేడా, అరవై నెలలకి 32,700. షోరూం ఇస్తామన్న 25 వేల డిస్కౌంట్ కంటే ఎక్కువ! ముందు మీ బ్యాంకుకి వెళ్ళి జీతం స్లిప్పులతో మంజూరు లేఖ తెచ్చుకోండి. దాంతోపాటు ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే జరిమానా ఎంత, లోనుతో పాటు జీవిత బీమా అంటగడుతున్నారా అన్న మూడూ అడగండి. లోను మీద షోరూంకి ఫైనాన్స్ సంస్థ నుంచి కమిషన్ ఉంటుంది. అందుకే ‘మా లోను తీసుకుంటే ఇంకో పదివేలు తగ్గిస్తాం’ అంటారు. ఆ పదివేలు, ఈఎంఐ తేడా పక్కపక్కన పెట్టి లెక్క చూడండి.

పాత కారు బేరాన్ని కొత్త కారు బేరంతో కలపకండి. కొత్తదాని ధర తేలేదాకా పాతది అమ్మే ఊసు ఎత్తకపోవడమే నయం. మీ విషయంలో అది దాటిపోయింది కాబట్టి రెండు కాగితాలుగా విడగొట్టమనండి. రావులపాలెంలోనో రాజమండ్రిలోనో రెండు కార్ కన్సల్టెన్సీల్లో చూపించి ధర అడగండి. ఎవరైనా 2,20,000 ఇస్తానంటే, షోరూం ఇచ్చే 1,90,000 కి బోనస్ 20 వేలు కలిపినా ఇంకా పదివేలు తక్కువే. కొన్ని కంపెనీలు పాత కారు బయట అమ్మినా, పేరు మారిన ఆర్సీ కాపీ చూపిస్తే ఎక్స్ఛేంజి బోనస్ ఇస్తాయి. మీ కంపెనీ సంగతి అడిగి తెలుసుకోండి. పాత కారు ఎవరికిచ్చినా ఫారం 29, 30 (బండి పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు పెట్టి వదిలేయకండి. తేదీ, టైము రాసిన డెలివరీ నోటు తీసుకుని, రికార్డులో పేరు మారేదాకా వారానికోసారి చూసుకుంటూ ఉండాలి. రిజిస్టర్లో ఎవరి పేరు ఉంటే ప్రమాద బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు ఆ 25 వేల సంగతి. ఇది కంపెనీ ఆఫరా, డీలర్ తన చేతినుంచి ఇచ్చేదా అడగండి. కంపెనీ ఆఫర్లు నెలనెలా మారతాయి, అన్ని షోరూంలకీ ఒకటే. కన్స్యూమర్ ఆఫర్, ఎక్స్ఛేంజి బోనస్, ప్రభుత్వ ఉద్యోగులకీ టీచర్లకీ ఇచ్చే కార్పొరేట్ ఆఫర్, పాత బండి తుక్కుకి ఇస్తే స్క్రాపేజి బోనస్ ఇలా విడివిడిగా ఉంటాయి. మీ కొటేషన్‌లో కార్పొరేట్ ఆఫర్ కనపడలేదు. ఉద్యోగ గుర్తింపు కార్డు, జీతం స్లిప్పు చూపించి అడగండి. కంపెనీ డబ్బునే ‘మేమే తగ్గించాం’ అని ఇస్తున్నట్టయితే, డీలర్ వాటా ఇంకా బయటికి రాలేదన్న మాట.

అది బయటికి రావాలంటే ఇంకో రెండు కొటేషన్లు కావాలి. అదే మోడల్, వేరియంట్, రంగుతో కాకినాడలో ఒకటి, భీమవరంలో ఒకటి తీసుకోండి. షోరూంల యజమానులు వేరువేరని చూసుకోవడం ముఖ్యం. అమలాపురం బ్రాంచి, రాజమండ్రి షోరూం ఒకే యజమానివైతే, అక్కడి కొటేషన్ ఇక్కడ చూపించినా చలనం ఉండదు. ఫోన్లో చెప్పిన ధర లెక్కలోకి రాదు, వాట్సాప్‌లో అయినా కాగితం పంపమనండి. అంకెలు చేతికొచ్చాక తమ్ముడితో ఇంత చెబితే చాలు: ‘తమ్ముడూ, నీ దగ్గరే కొనాలని నా కోరిక. ఇవి మిగతా ఇద్దరి కాగితాలు. మీ మేనేజర్‌గారితో కూర్చుందాం. నేను చెక్కు మీద రాయాల్సిన ఆఖరి అంకె ఎంతో ఒక్కటే చెప్పండి.’ డిస్కౌంట్ ఎంత అని అడిగితే వాళ్ళు ఒకచోట తగ్గించి మరోచోట కలుపుతారు. ఆఖరి అంకె అడిగితే కలపడానికి చోటుండదు.

మీరు ఎంచుకున్న మోడల్‌కి నెలల తరబడి వెయిటింగ్ ఉంటే డీలర్ వాటా గురించి గింజుకోవద్దు, రాదు. అప్పుడు కూడా హ్యాండ్లింగ్, కిట్, ఇన్సూరెన్స్, లోను లెక్కలు మీ చేతిలోనే ఉంటాయి. 8,500 పూర్తిగా, కిట్‌లో 18,500, ఇన్సూరెన్స్‌లో 17 వేల పైచిలుకు కలిపి 44 వేలు. లోను మీద 32,700. అంటే డీలర్ ఒక్క రూపాయి దయ చూపించకపోయినా 76 వేలు తగ్గుతోంది. దాని మీద ఆ 25 వేలు, కార్పొరేట్ ఆఫర్ కలిపి అడగడం మీ న్యాయం.

ఆషాఢం, శ్రావణం చిక్కుకి దారి ఉంది. ఆషాఢంలో అమ్మకాలు మందగిస్తాయి కాబట్టి మన జిల్లాల్లో ధర తగ్గే మాట నిజమే. శ్రావణం రాగానే జనం బారులు తీరతారు, బేరం సాగదు. అందుకని బేరం ఆషాఢంలో తేల్చేయండి. బిల్లు ఆషాఢం ఆఖరి రోజుల్లో వేయించి, డెలివరీ శ్రావణం మొదటి మంచిరోజుకి తీసుకోండి. అన్నవరంలో పూజ ఏ రోజన్నది ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు. బీమా చేయించాక దాని గడువు నడుస్తూనే ఉంటుంది కాబట్టి నెలల తరబడి యార్డులో ఉంచకండి, పది రోజులకి మించొద్దు. నెల లక్ష్యాల ఒత్తిడి నెలాఖరుకి ఉంటుంది గానీ ఆఖరి రోజు సాయంత్రం వెళితే కాగితాలు హడావుడిగా చేసి తప్పులు దొర్లిస్తారు. 25 నుంచి 28 మధ్య వెళ్ళండి.

టోకెన్ 21 వేలు ఇప్పుడే కట్టకండి. ఆఖరి అంకె తేలాక అయిదు వేలు కట్టినా బుకింగ్ అవుతుందేమో అడగండి. బుకింగ్ ఫారం మీద ఈ ఆరు మాటలు చేత్తో రాయించి స్టాంపు వేయించుకోండి: వేరియంట్, రంగు, తయారీ నెల, సంవత్సరం, ఆఖరి అంకె, రద్దు చేస్తే తిరిగిచ్చే మొత్తం. అచ్చులో ‘డెలివరీ నాటి ధర వర్తిస్తుంది’ అని ఉంటుంది. మీ డిస్కౌంట్ ఏ తేదీ దాకా నిలుస్తుందో దాని పక్కనే రాయించాలి. డబ్బు డీలర్ సంస్థ ఖాతాకే వెళ్ళాలి. తమ్ముడి ఫోన్‌పేకి కాదు, ఎంత నమ్మకస్తుడైనా. పంట డబ్బో, రొయ్యల పట్టుబడి డబ్బో ఇంట్లో ఉందని నగదు తీసుకెళ్ళే అలవాటు ఇటు ఎక్కువ. రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం, పుచ్చుకుంటే డీలర్‌కి జరిమానా పడుతుంది కాబట్టి వాళ్ళూ ఒప్పుకోరు. ఆర్టీజీఎస్ చేయండి.

పూర్తి డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్ కాకముందే, మీకు కేటాయించిన కారుని యార్డులో చూడాలి. ఇది బేరంలో భాగమే. డబ్బు మీ దగ్గర ఉన్నంతవరకే కారు మార్చమనే శక్తి మీకు ఉంటుంది. నంబరు పడ్డాక ఎంత మొత్తుకున్నా టచప్ చేసి ఇస్తారు తప్ప మార్చరు. వాన లేని పగటిపూట వెళ్ళండి, కడిగి ఆరబెట్టి ఉంచమని ముందే చెప్పండి. ఛాసిస్ నంబరు కాగితంతో సరిపోల్చండి. తయారీ నెల, సంవత్సరం ఫారం 21లో (అమ్మకం సర్టిఫికెట్‌లో) రాస్తారు, దాన్ని ముందే చూపించమనండి. నిరుటి తయారీ అయితే రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది. దానికి తగ్గట్టు ధర ఇంకా దిగాలి, లేదా వేరే కారు ఇమ్మనాలి. టైర్ల మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది: 1426 అంటే 2026లో 14వ వారం. స్టెప్నీతో కలిపి అయిదూ దగ్గరదగ్గర వారాలవై ఉండాలి. ఒక్కటి తేడాగా ఉంటే ఎందుకో అడగండి. కిలోమీటర్లు యాభై దాటితే అది డెమోకో, ఇంకో యార్డు నుంచి రోడ్డు మీద తోలుకొచ్చినదో అయ్యుండొచ్చు. బానెట్, తలుపుల కీళ్ళ బోల్టుల మీద పెయింటు చెదిరితే ఆ భాగం ఒకసారి విప్పారని గుర్తు. తలుపుల సందులు రెండు వైపులా ఒకే వెడల్పులో ఉండాలి. వానల కాలం కాబట్టి ముందు సీట్ల కింది కార్పెట్ ఎత్తి, చెయ్యి పెట్టి, వాసన చూడండి. పల్లంలో ఉన్న యార్డుల్లో నీళ్ళు నిలిచిన కార్లకి తడి వాసన, సీటు పట్టాల మీద తుప్పు ఉంటాయి. ఏసీ పది నిమిషాలు నడపండి. అద్దాలు, లైట్లు, కెమెరా, హారన్ అన్నీ నొక్కి చూడండి. అన్నీ బాగుంటే ఆ ఛాసిస్ నంబరుని బుకింగ్ ఫారం మీద రాయించి ఫోటో తీసుకోండి. డెలివరీ రోజు వచ్చే కారు అదే అయ్యుండాలి.

డెలివరీ రోజు ఫోటోలు, కేకు కటింగు అయ్యేలోపు కాగితాలు చూసుకోండి: ట్యాక్స్ ఇన్‌వాయిస్, ఫారం 21, ఫారం 22 (బండి రోడ్డుకి పనికొస్తుందని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), పాలసీ పూర్తి కాపీ, లైఫ్ ట్యాక్స్ రసీదు, వారంటీ పుస్తకం, రెండు తాళాలు, జాకీ, స్పానర్, ఫాస్టాగ్. పాలసీలో మీ ఎన్‌సీబీ ఎక్కిందా, ఇంజిన్ ప్రొటెక్ట్ పేరు ఉందా అన్నవి ముందు చదవండి. ఇస్తామన్న తగ్గింపు ఇన్‌వాయిస్‌లోగానీ డీలర్ క్రెడిట్ నోటులోగానీ కనపడాలి. ‘నెల తర్వాత ఖాతాలో వేస్తాం’ అన్నది ఏదైనా ఉంటే స్టాంపుతో కాగితం అడగండి. వేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేటప్పుడు ఆ కాగితమే ఆధారం.